కట్ట దొరది, వరద వాడది

మా వాడకు ఎగువన కిలోమీటరు కూడా లేని దూరంలో ఒక కుంట ఉంది. ఇరిగేషన్ వాళ్ల రిజిస్టర్‌లో ఆ కుంట లేదు. రెవెన్యూ రికార్డులో అది పట్టా భూమి, మెట్ట. పంచాయతీ తీర్మానాల పుస్తకంలో దాని ఊసే లేదు. కాగితం మీద ఎక్కడా లేని ఆ కుంట కింద 86 కుటుంబాలు నిద్రపోతున్నాయి. 52 మాదిగ ఇళ్లు, 34 మాల ఇళ్లు. ఇది ఒక్క ఊరి గోడు అనుకుని పేజీ తిప్పెయ్యకండి. మీ ఊళ్లో కూడా ఇలాంటిది ఉండే ఉంటుంది. ఒకసారి ఎగువకు నడిచి చూసి రండి.

దాన్ని మేం దొర కుంట అంటాం. పాత దొర పోయిండు, గడీ కూలింది, ఇప్పుడున్నది మనుమడు. హైదరాబాద్‌లో ఉంటాడు, శనివారం శనివారం కార్లేసుకుని వస్తాడు. తొమ్మిదేళ్ల కింద తన పట్టాలో నుంచి పారే ఒర్రెకు అడ్డంగా రెండు జేసీబీలు పెట్టి పదకొండు రోజుల్లో కట్ట పోయించాడు. పైన గెస్ట్ హౌస్, కింద చేపలు. ఎత్తు 18 అడుగులు. కుంట కడుపులో తవ్విన మొరమే తెచ్చి కట్టకు పోశారు. నీళ్లు చల్లలేదు, రోలర్ తిప్పలేదు. ఆ పని చేసిన కూలీల్లో మావాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు చెప్పిన మాటే ఇది. ఆ కట్ట మీద మైసమ్మ రాయి కూడా లేదు. దేవుళ్ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు కానీ, మైసమ్మను నిలబెట్టిన కట్ట మీదకు ఏడాదికోసారైనా ఊరంతా వస్తుంది, కట్ట ఎట్లున్నదో పదిమంది కళ్లు చూస్తాయి. ఈ కట్ట చుట్టూ ముళ్లకంచె ఉంది. గేటు ఉంది. వాచ్‌మన్ ఉన్నాడు.

2024 ఆగస్టు 31 రాత్రి సంగతి చెప్తాను. ఆ రెండు రోజులు ఖమ్మం, మహబూబాబాద్ ప్రాంతమంతా ఎట్లా కురిసిందో అందరికీ యాదికుంటుంది. మున్నేరు ఖమ్మం పట్నంలోకి వచ్చింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ రాత్రి మా చిన్నాయన గొడుగు, టార్చిలైటు పట్టుకుని కంచె దూరి కట్ట కిందికి పోయిండు. డెబ్బై దాటిన మనిషి. వాళ్ల నాయన, ఆయన నాయన ఊరి పెద్ద చెరువుకు నీరటోళ్లు. చిన్నాయన కూడా వయసులో ఉన్నప్పుడు తూము తీసినవాడే. కట్ట మొదట్లో ఊట కనిపించింది. ఒక గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి లైటు వేసి చూశాడు. తెల్లగా ఉన్నాయి. గంట తర్వాత మళ్లీ పట్టాడు. మసకబారాయి. పది గంటలప్పుడు పట్టిన సీసా తెచ్చి నా చేతిలో పెట్టిండు. ఎర్రగా, చాయ రంగులో ఉన్నాయి.

"కట్ట లోపల మన్ను కదిలింది బిడ్డా. ఇగ ఎవలూ ఇంట్ల ఉండొద్దు" అన్నాడు.

బడి తాళాలు నా దగ్గరే ఉంటాయి. ముసలోళ్లు, బాలింతలు, మేకలు, కోళ్లు అన్నీ బడికి చేరేసరికి పన్నెండు దాటింది. మన పోరగాళ్లు కొందరు కట్ట మీదికి పోయారు. మత్తడి దగ్గర చేపలు పోకుండా ఇనుప జాలి బిగించి ఉంది. దానికి కంప, ఆకు, ప్లాస్టిక్ కవర్లు తట్టుకుని గోడ కట్టినట్టు మూసుకుపోయింది. నీళ్లు కట్ట తల కింద జానెడు దూరంలో ఉన్నాయి. వాచ్‌మన్ కూడా పేదోడే, ఆయనను తిట్టి లాభం లేదు. "సార్‌కు ఫోన్ కలుస్తలేదు, జాలి తీస్తే నా నౌకరి పోతది" అన్నాడు. పోరగాళ్లు గడ్డపారతో జాలి ఊడబీకారు. తెల్లారేసరికి నీళ్లు రెండడుగులు దిగాయి, ఊట సన్నబడింది. కట్ట నిలిచింది. చేపలు కూడా పోయాయి మరి.

మూడో రోజు పోలీసులు వచ్చారు. చేపలు దొంగిలించారని, ఆస్తి ధ్వంసం చేశారని ముగ్గురు పిల్లల మీద ఫిర్యాదు. అందులో ఒకడు డిగ్రీ చదువుతున్నాడు, కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. 86 ఇళ్లను కాపాడినందుకు వాడి సర్టిఫికెట్ మీద కేసు పడింది.

ఆ తర్వాత నేను, సంఘం వాళ్లు ఎక్కని మెట్టు లేదు. ఇరిగేషన్ ఆఫీసులో "అది మా చెరువు కాదు సార్, ప్రైవేటు" అన్నారు. రెవెన్యూ ఆఫీసులో "పట్టాదారు తన పొలంలో గుంట తవ్వుకుంటే మేమేం జేస్తాం" అన్నారు. పంచాయతీలో నవ్వి ఊరుకున్నారు. నిజానికి వాళ్లు చెప్పింది అబద్ధం కూడా కాదు. 2021లో పార్లమెంటు డ్యాముల భద్రతా చట్టం చేసింది. ప్రైవేటు యజమానికి కూడా అది వర్తిస్తుంది, మంచిదే. కానీ ఎలాంటి డ్యాముకు? 15 మీటర్ల కంటే ఎత్తున్న దానికి. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే కట్ట పొడవు 500 మీటర్లో, నీళ్లు 10 లక్షల ఘనపు మీటర్లో, అట్లాంటి ఇంకొన్ని షరతుల్లో ఏదో ఒకటి ఉండాలి. మా దొర కుంట ఐదున్నర మీటర్లు. చట్టం చూపు దాని మీద పడదు. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి వేల చెరువులు బాగుచేశారు, అవి సర్కారీ చెరువులు. చట్టానికి పెద్దవి కావాలి, పథకానికి సర్కారువి కావాలి. చిన్నది, ప్రైవేటుది ఎవరికీ పట్టదు.

చిన్నది అంటే ఎంత చిన్నదో మా ఎనిమిదో తరగతి పిల్లలతో లెక్క కట్టించాను. కుంట ఆరు ఎకరాలు. సగటు లోతు ఐదడుగులు. ఎకరం నేల మీద అడుగు నీళ్లు నిలిస్తే 12 లక్షల 33 వేల లీటర్లు. దాన్ని ముప్పైతో గుణిస్తే 3 కోట్ల 70 లక్షల లీటర్లు. బరువు 37 వేల టన్నులు. పది టన్నుల టిప్పర్లు 3,700 ఒకదాని వెనక ఒకటి మన వాడ మీదికి వస్తే ఎట్లుంటుందో అంత. లెక్క చేసిన ఒక అమ్మాయి "సార్, మా ఇల్లు మొదటిదే కదా" అంది. అవును, ఒర్రె పక్కన మొదటి ఇల్లు వాళ్లదే. నాకు జవాబు రాలేదు.

చిన్న కట్టలు చంపవా? 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర ప్యాసింజర్ రైలు వాగులో పడి వందమందికి పైగా చచ్చిపోయారు. పెద్ద నది ఏదీ పొంగలేదక్కడ. ఎగువన ఒక చెరువు తెగింది, ఆ నీళ్లు చిన్న రైలు వంతెనను ఎత్తుకుపోయాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచినప్పుడు ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. మనవి గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే దాని నీళ్లు కింది దాని మీద పడతాయి, అది తెగితే దాని కిందిది. మా దొర కుంట కింద మా వాడ, వాడ కింద ఊరి పెద్ద చెరువు, పెద్ద చెరువు కింద ఊరు, ఊరు కింద ఇంకో ఊరు. ఈ మాట ఊరోళ్లకు చెప్పినప్పుడే వాళ్లు కొంచెం మెత్తబడ్డారు, అప్పటిదాకా ఇది "వాడోళ్ల లొల్లి".

మన ఉద్యమానికి చెరువు కొత్త కాదు. 1927లో అంబేద్కర్ మహద్ చవదార్ చెరువులో దోసెడు నీళ్లు తాగడానికి వేలమందిని వెంటబెట్టుకుని నడిచాడు. 1985 జూలైలో కారంచేడు మారణకాండకు ముందు గొడవ రేగింది మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గరే. నీళ్లు మనకు దక్కనివ్వరని కొట్లాడుతూ వచ్చాం. ఆ నీళ్లే రాత్రికి రాత్రి మన మీదికి వస్తే అడిగే గొంతు మాత్రం మనం ఇంకా తయారుచేసుకోలేదు. వాడలు పల్లంలో ఎందుకున్నాయి? మనం కోరి దిగామా? చాలా ఊళ్లలో మనకు వదిలింది చెరువు కింద బురద నేల, వాగు ఒడ్డు. ఆ తర్వాత సర్కారు ఇచ్చిన ఇళ్ల స్థలాలు కూడా అక్కడే ఇచ్చారు, ఎవరికీ పనికిరాని చోట. పల్లంలో పెట్టింది వాళ్లే, పైన కట్ట పోసిందీ వాళ్లే.

ఈ కథ మన దేశానిదే కాదు. 1889 మే 31న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో సౌత్ ఫోర్క్ అనే మట్టికట్ట తెగి జాన్స్‌టౌన్ అనే ఉక్కు కార్మికుల పట్నం కొట్టుకుపోయింది. 2,209 మంది చనిపోయారు. ఆ కట్ట ఎవరిది? మొదట అక్కడి రాష్ట్ర ప్రభుత్వం కాలువ కోసం కట్టింది, తర్వాత చేతులు మారి ఒక క్లబ్బు చేతికి వచ్చింది. చేపలు పట్టుకోవడానికి, పడవల్లో తిరగడానికి పెట్టుకున్న క్లబ్బు. కార్నెగీ, ఫ్రిక్ లాంటి కోటీశ్వరులు అందులో సభ్యులు. కట్ట అడుగున నీళ్లు వదిలే ఇనుప గొట్టాలు అంతకు ముందే ఎవరో పీకి పాత ఇనుము కింద అమ్ముకున్నారు, క్లబ్బు వాటిని తిరిగి పెట్టలేదు. అంటే తూము లేని చెరువు. బగ్గీలు పోవడానికి కట్ట తల తగ్గించారు. మత్తడికి చేపలు పోకుండా జాలీలు పెట్టారు. ఆ రోజు వానకు కంప వచ్చి జాలీలకు తట్టుకుంది. ఇది చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. 135 ఏళ్ల తర్వాత మా ఊళ్లో అదే జాలి, అవే చేపలు, అదే శనివారం సరదా. ఇంకోటి కూడా ఉంది. కట్ట తెగుతుందని ఆ మధ్యాహ్నం కిందికి తంతి వార్తలు పోయాయి. ఏటా ఇదే మాట కదా, నాన్నా పులి కథ అనుకుని చాలామంది కదల్లేదు. క్లబ్బు నుంచి బాధితులకు కోర్టులో ఒక్క డాలరు రాలేదు.

అది పాత కాలం అంటారా? 2018 మే 9 రాత్రి కెన్యా దేశంలో నకురు జిల్లా సోలాయ్‌లో ఒక ప్రైవేటు ఎస్టేటు కట్ట తెగింది. దాన్ని పటేల్ డ్యామ్ అంటారు. కింద ఉన్న కూలీలు, చిన్న రైతుల ఊళ్లు మట్టిలో కలిశాయి. కనీసం 47 మంది పోయారు, అందులో పిల్లలు ఎక్కువ. ఆ కట్టకు అనుమతే లేదని నీటి శాఖ కట్ట తెగిన తర్వాత చెప్పింది. తెగకముందు ఆ శాఖ ఎక్కడుందో మరి. నరహత్య కేసు పెట్టారు, అది కోర్టుల మధ్య ఏళ్ల తరబడి తిరిగింది.

మన తెలుగు నేల మీద నడిచిన కేసు ఒకటి మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఇప్పటి చిత్తూరు జిల్లా కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీ ఆస్తి కొట్టుకుపోయింది. కంపెనీ జమీందారు మీద దావా వేసింది. ఇంగ్లండులో 1868లోనే ఒక తీర్పు వచ్చి ఉంది: ఒక మిల్లు యజమాని రిజర్వాయర్ తెగి పక్కవాడి బొగ్గు గని మునిగితే, తప్పు చేశాడా లేదా అని చూడకుండా యజమానే నష్టం కట్టాలని. కంపెనీ ఆ తీర్పే చూపించింది. 1874లో ప్రీవీ కౌన్సిల్ కాదు పొమ్మంది. ఈ దేశంలో చెరువులు అనాదిగా ప్రజల బతుకు కోసం ఉన్నవి, వాటిని నిలబెట్టడం జమీందారు బాధ్యత, నిర్లక్ష్యం రుజువైతే తప్ప నష్టపరిహారం లేదు అన్నది తీర్పు సారం. తెల్లదొరల రైల్వే కంపెనీయే ఓడిపోయిన చోట కూలోడు గెలుస్తాడా అని నిరాశపడే తీర్పు ఇది. కానీ నాకు ఇందులో ఒక సందు కనిపిస్తున్నది. జమీందారును వదిలేసింది చెరువు ప్రజలది కాబట్టి, పదిమంది పొలాలు దాని కింద పండుతాయి కాబట్టి. మా దొర కుంట కింద ఒక్క గుంట ఆయకట్టు లేదు. ఒక్క బిందె మంచినీళ్లు లేవు. అది సరదా కోసం, చేపల వ్యాపారం కోసం కట్టుకున్నది. అలాంటప్పుడు ఆ మినహాయింపు దీనికెందుకు? లాభం ఒక్కడిది అయినప్పుడు నష్టం బాధ్యత కూడా నిర్లక్ష్యం రుజువు అడగకుండా ఆ ఒక్కడి మీదే ఉండాలి. నేను లాయర్ని కాదు, మన లాయర్ మిత్రులు దీని మీద ఆలోచించి రాయాలి.

ఇక కట్ట సంగతి. చదువుకున్నోళ్లకు తెలుస్తుంది, మనకేం తెలుస్తుంది అనుకోవద్దు. మట్టికట్ట గురించి మన నీరటి తాతలకు తెలిసినంత చాలామంది ఇంజనీర్లకు తెలియదు. తెలియకేం, తెలిసినా రాత్రిపూట వానలో కట్ట మీద పడుకునేది ఇంజనీరు కాదు కదా. నీరటి పని వెట్టి పనే. కట్ట తెగితే తిట్లు తిన్నది వాడు, పంట పండితే గింజలు మేర అడుక్కున్నదీ వాడు. ఆ వ్యవస్థ పోవాల్సిందే, పోయింది కూడా. ఆ తర్వాత వచ్చిన వీఆర్ఏలను 2023లో వేరే శాఖల్లో సర్దారు. బానిసత్వం పోయింది, సంతోషం. కట్టను చూసే కన్ను కూడా దాంతోపాటే పోయింది. ఆ కన్ను ఇప్పుడు మన పిల్లలకు రావాలి, జీతానికో వెట్టికో కాదు, మన ప్రాణాల కోసం.

చిన్నాయన చెప్పినవి, నేను పుస్తకాల్లో చూసినవి కలిపి రాస్తున్నాను. మట్టికట్ట ఎక్కువగా రెండు రకాలుగా చస్తుంది. నీళ్లు తల మీది నుంచి పొర్లితే కోసుకుపోతుంది. లోపల బుంగ పడితే గుల్లయిపోతుంది. రాతి డ్యాము మీద నుంచి నీళ్లు పొర్లినా కొంతసేపు నిలుస్తుంది, మట్టికట్ట నిలవదు. అందుకే మత్తడి అనండి, అలుగు అనండి, మరవ అనండి, అదే కట్టకు ప్రాణం. దాని వెడల్పు వచ్చే వరదకు సరిపోవాలి, దాని అడుగు రాయితో ఉండాలి, దానికి అడ్డం ఏదీ ఉండకూడదు. మత్తడి మట్టానికి, కట్ట తలకు మధ్య చిన్న కుంటకైనా మూడడుగులు తగ్గకూడదు. కట్ట తల అంతా ఒకే మట్టంగా ఉందా చూడండి. నడుమ కుంగితే నీళ్లు మొదట పొర్లేది అక్కడే, జాన్స్‌టౌన్‌లో జరిగింది అదే.

బుంగ సంగతి వేరు. ప్రతి మట్టికట్టా కొంచెం చెమరుస్తుంది, దానికి భయపడనక్కర్లేదు. తెల్లటి ఊట నిలకడగా ఉంటే కనిపెట్టి ఉంటే చాలు. ఊట పెరుగుతున్నా, రంగు మారినా మన్ను ప్రయాణం కట్టినట్టే. గాజు సీసా పరీక్షకు పైసా ఖర్చు లేదు. పీతల బొక్కలు, ఎలుక బొక్కలు, చెదలు, ఎండిపోయిన తుమ్మ వేర్లు, ఎండాకాలం పగిలిన నల్లరేగడి, ఇవన్నీ నీళ్లకు దారులే. అన్నిటికంటే చెడ్డది కట్టలో నుంచి ఊరికే దూర్చిన ప్లాస్టిక్ గొట్టం. నీళ్లు గొట్టం లోపలి నుంచి వస్తే పర్వాలేదు, గొట్టం బయటి వెంబడి మన్నుకూ గొట్టానికీ నడుమ దారి చేసుకుంటే ప్రమాదం. మా దొర కుంట తూము అదే, ఆరు అంగుళాల పీవీసీ. బుంగ కనిపిస్తే కింది వైపు మూతిలో గుడ్డలు, మన్ను కుక్కి మూయడం చాలామంది చేసే తప్పు. మూస్తే నీళ్లు ఇంకో చోట దారి వెతుక్కుంటాయి. దాని చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలాగా పేర్చి, లోపల ఇసుక, కంకర పోసి, నీళ్లు రానివ్వాలి, మన్ను రానివ్వొద్దు. ఆలోగా తూము తీసి కుంట ఖాళీ చెయ్యాలి. ఇదంతా ఇంజనీరు వచ్చేదాకానే. ముందు మనుషుల్ని ఎత్తుకు చేర్చాక.

మనం ఏం అడగాలి? నాకు తోచింది చెప్తాను. అమెరికాలో కట్టలను కేవలం ఎత్తు చూసి లెక్కించరు, తెగితే కింద ఎవరు పోతారో చూసి ప్రమాద తరగతి వేస్తారు. ఇక్కడా అట్లా ఉండాలి. ఎత్తు మూడు మీటర్లయినా సరే, కింద ఇళ్లుంటే రిజిస్టర్‌లోకి ఎక్కాలి, వానకాలానికి ముందు ఇంజనీరు చూసి సంతకం పెట్టాలి, ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించాలి. కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152 సెక్షన్ ఉంది, ఇదివరకు సీఆర్‌పీసీ 133. చుట్టుపక్కల వాళ్ల ప్రాణాలకు ముప్పు తెచ్చే కట్టడాన్ని బాగుచెయ్యమనో, తొలగించమనో ఆర్డర్ వేసే అధికారం దాని కింద కలెక్టరుకు, ఆర్డీఓకు ఉంది. పట్టా భూమి అయినా ఉంది. "ప్రైవేటు, మేమేం జేస్తాం" అన్నవాళ్లకు ఈ సెక్షన్ నంబరు వేసి అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. రేపు ఏదైనా జరిగితే మాకు తెలియదు అనడానికి వీల్లేకుండా చేసేది ఆ నకలే. ఫొటోలు తీయండి, తేదీ వేయండి. కుంట నిండినప్పుడు ఒకటి, ఎండినప్పుడు ఒకటి.

మా వాడలో దండోరా సంఘం, మాల సంఘం వేర్వేరుగా ఉన్నాయి. వాటి మధ్య మాటలు లేవని అందరికీ తెలుసు, దాచడం దేనికి. వర్గీకరణ మీద ఎవరి మాట వారిది, ఉండనివ్వండి. ఆ రాత్రి బడి వరండాలో రెండు సంఘాల జెండాలు కట్టే కర్రలతోనే ముసలోళ్లకు టార్పాలిన్ కట్టాం. ఇప్పుడు అర్జీ మీద రెండు సంఘాల అధ్యక్షులూ పక్కపక్కన సంతకం పెట్టారు.

152 కింద అర్జీ ఇచ్చి నెల దాటింది, ముద్ర వేసిన నకలు బడి బీరువాలో ఉంది. జవాబు రాలేదు. ముగ్గురు పిల్లల కేసు వచ్చే వాయిదాకు రెండు ఆటోల్లో పోతున్నాం, చిన్నాయన కూడా వస్తానన్నాడు. సీసా పట్టుకొస్తానంటున్నాడు, కోర్టులో చూపిస్తాడట. ఈ లోపల కుంటకు మత్తడి దగ్గర కొత్త జాలి బిగించారు. మొదటిదాని కంటే మందం ఎక్కువ, బోల్టులు వేసి సిమెంటు పోశారు. వానకాలం దగ్గర పడుతున్నది. రాత్రి కాపలాకు ఇద్దరిద్దరు చొప్పున వంతులు రాసుకుంటున్నాం, గడ్డపారకు బదులు ఈసారి కోసే మిషన్ దొరుకుతుందేమో చూస్తున్నాం. పక్క ఊళ్ల మిత్రులు ఎవరి దగ్గరైనా ఉంటే కబురు పెట్టండి.